పన్నెండు ఎత్తుగడలు: ఒక వ్యాసమాల పని డైరీ

జూన్ 2

నీటి కట్టడాల మీద మేము రాసుకున్న పన్నెండు వ్యాసాలు పూర్తయి ఆరు నెలలు కావస్తోంది. రాసినవాళ్లం నలుగురం. శాసనాలు, గెజిటీర్లు, పాత ఇంజనీర్ల నివేదికలు తిరగేసి, ఒకరు రాసినదాన్ని మరొకరు దిద్ది, విషయంలో లోటు లేకుండా చూసుకున్నామనే ధీమా మాకుంది. అయినా ముసాయిదాలు తీసుకువెళ్లిన పదిమందిలో ఏడుగురు "బాగుంది, తీరిగ్గా చదువుతాను" అన్నారు. ఆ మాటకు మొదటి పేరా దగ్గరే ఆగిపోయారని అర్థమని తెలుసుకోవడానికి నాకు ఇంతకాలం పట్టింది. అందుకని ఈ నెలా, వీలైతే వచ్చే నెల మొదటి వారం వరకూ, వ్యాసాల ఒంటిని ముట్టుకోకుండా కేవలం ఎత్తుగడలను తిరగరాయాలని పెట్టుకున్నాను. పత్రికల వాళ్లు దీన్ని ఇంట్రో అంటారు గాని, కథలవాళ్ల మాట 'ఎత్తుగడ' నాకు ఎక్కువ నచ్చుతుంది. అందులో మొదలుపెట్టడమూ ఉంది, ఉపాయమూ ఉంది.

ఈ రోజు చేసిన పని ఒక్కటే. పన్నెండు వ్యాసాల మొదటి వాక్యాలనూ ఒకే కాగితం మీద వరసగా రాశాను. నాలుగు వ్యాసాలు "నీరే సకల జీవకోటికి ప్రాణాధారం" అనే అర్థంతో మొదలవుతున్నాయి. మూడు "అనాదిగా" అనో "ప్రాచీన కాలం నుంచి" అనో ఎత్తుకున్నాయి. రెండు పుట్టుకతో మొదలయ్యాయి, ఒకటి మనిషి పుట్టుక, మరొకటి రాజ్యం పుట్టుక. ఇంకో రెండింటిలో విశేషణాల బరువుకు వాక్యం నడుం వంగిపోయింది. మిగిలిన ఒక్కటి "మీకు తెలుసా?" అని అడిగింది. నీరే ప్రాణాధారమన్న నాలుగింటిలో రెండు నేను రాసినవే కనుక ఇక్కడ ఎవరినీ తప్పుపట్టే అర్హత నాకు లేదు.

జూన్ 4

పని మొదలుపెట్టే ముందు మాస్టారి దగ్గరకు వెళ్లాను. ఉన్నత పాఠశాలలో ముప్ఫై ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పి విరమించుకున్నవారు. మా వ్యాసాల్లో తేదీల తప్పులు పట్టేది ఆయనే. నా కాగితం చూసి ఆయన నవ్వి, సంస్కృత అలంకారికుడు దండి కావ్యాదర్శంలో కావ్యం మొదలయ్యే తీరులు మూడని చెప్పిన మాట గుర్తుచేశారు: ఆశీస్సు, నమస్కారం, వస్తునిర్దేశం అంటే నేరుగా విషయాన్ని చెప్పడం. "మీవాళ్లందరూ మొదటి రెండింటి దగ్గరే ఆగిపోయారు నాయనా. నీటికి దణ్ణం పెట్టారు, పూర్వులకు దణ్ణం పెట్టారు, వస్తువు దగ్గరకు మాత్రం ఎవరూ రాలేదు" అన్నారు. ఆయన సరదాకు అన్నా, ఆ తర్వాత పని పొడవునా నాకు పనికొచ్చిన కొలత అదే. ప్రతి ఎత్తుగడ పక్కనా అది నమస్కారమా, వస్తునిర్దేశమా అని పెన్సిలుతో రాసుకున్నాను. పన్నెండింటిలో పది నమస్కారాలు తేలాయి.

పరీక్షించే పద్ధతి కూడా ఇవాళే ఖాయం చేసుకున్నాను. కొత్త ఎత్తుగడను ముగ్గురు చదువుతారు: మాస్టారు, డిగ్రీ చదువుతున్న నా మేనకోడలు, బద్వేలు దగ్గర మెట్టినిల్లున్న మా మేనత్త. మేనకోడలు ఫోనులో చదువుతుంది. మేనత్తకు చూపు తగ్గింది కనుక నేనే చదివి వినిపించాలి. మనసు పక్కకు పోయిన చోట ఆగి చెప్పమన్నాను. బాగుందా లేదా అని మాత్రం అడగను. ఆ ప్రశ్నకు మన ఇళ్లలో ఎప్పుడూ బాగుందనే జవాబే వస్తుంది.

జూన్ 7

మొదట పోరుమామిళ్ల చెరువు వ్యాసం తీసుకున్నాను. రాజ్యం పుట్టుకతో మొదలైంది ఇదే: 1336లో విజయనగర స్థాపన, సంగమ సోదరులు, బుక్కరాయలు, ఆయన కుమారుడు భాస్కరుడు, ఆ భాస్కరుడు ఉదయగిరిలో ఉండి పాలించడం, ఆ తర్వాత ఎక్కడో చెరువు. మేనత్తకు చదివి వినిపిస్తూ రెండో పేరా మధ్యకు వచ్చేసరికి ఆమె ఆపి, "ఇంతసేపూ హంపీలోనే తిప్పుతాండావు గదా నాయనా, చెరువు యాడుంది?" అంది. నాకు అంతకంటే మంచి సంపాదకుడు దొరకడు.

చెరువు కోసం వ్యాసంలోపలికి వెళ్లి వెతికితే, ఆరో పేరాలో దొరికింది. పోరుమామిళ్లలో భైరవుడి గుడి ముందున్న సంస్కృత శాసనం, శక సంవత్సరం 1291, అంటే 1369 నాటిది. చెరువు ఎలా కట్టాలో చెప్పే శాసనాలు అరుదు. ఇది మంచి చెరువుకు పన్నెండు సాధనాలనూ, కూడని ఆరు దోషాలనూ వరసగా చెబుతుంది. జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకనేల, మూడు యోజనాల దూరం నుంచి తీయటి నీళ్లు తెచ్చే నది, పొడవైన రాళ్లు దొరికే గని, పనితెలిసిన కూలీల గుంపు వంటివి సాధనాల్లో ఉన్నాయి. దోషాల్లో కట్ట ఊటపట్టడం, చౌడునేల, చెరువు నడుమ తాబేలు వీపులా మిట్ట ఉండడం, నీళ్లు తక్కువై నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీళ్లు ఎక్కువ కావడం ఉన్నాయి. ఆరోదాన్ని చదివినప్పుడు కుర్చీలో సర్దుకొని కూర్చున్నాను: రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండడం.

ఇదే శాసనంలో మరో విశేషం కూడా ఉంది. ఈ కట్టకు రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పనిచేయగా రెండేళ్లకు పూర్తయిందట. అంకెలు ఆకట్టుకుంటాయి కదా అని ముందు దాన్నే ఎత్తుగడగా పెట్టి చదివాను. మేనత్త వెంటనే, "వాళ్లకు కూలి ఏమిచ్చినారో?" అని అడిగింది. మంచి ప్రశ్నే గాని, మా వ్యాసంలో దానికి జవాబు లేదు. ఎత్తుగడ ఏదో ఒక ప్రశ్న లేపుతుంది, లేపాలి కూడా. వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోతే మాత్రం అది ఎంత గొప్ప వాక్యమైనా ఆ వ్యాసానికి చెందదు. కాబట్టి కూలీలనూ బండ్లనూ వాళ్ల స్థానంలోనే ఉంచి, ఇలా రాశాను:

"రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు కట్టకూడదు. కడప సీమలోని పోరుమామిళ్లలో, భైరవుడి గుడి ముందు నిలిపిన శాసనం చెరువులకు చెప్పిన ఆరు దోషాల్లో ఇదొకటి. ఆ అక్షరాలు రాతికెక్కింది 1369లో."

ముగ్గురూ ఆగకుండా విన్నారు. మేనకోడలు మాత్రం, "మామా, తక్కిన అయిదూ ఏవి?" అంది. ఆమెకు ఆరో పేరా వరకూ ఓపిక పట్టమని చెప్పలేను కదా. దోషాల పేరాను పైకి తెచ్చి రెండోదిగా పెట్టాను, విజయనగర స్థాపన నాలుగో పేరాకు దిగింది. వ్యాసం ఒంటిని ముట్టుకోనన్న నియమం అయిదో రోజుకే భంగమైంది.

జూన్ 12

నిజాంసాగర్. ఇక్కడి సమస్య వాక్యానిది. పాత ఎత్తుగడ ఇది: "ప్రస్తుత కామారెడ్డి జిల్లాలో మంజీరా నదిపై, నిజాం పాలనాకాలంలో 1923లో ప్రారంభించబడి 1931లో పూర్తిచేయబడిన, ప్రసిద్ధ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో రూపుదిద్దుకున్న నిజాంసాగర్ ఒక చారిత్రక ప్రాజెక్టు."

వ్యాకరణం ప్రకారం ఇందులో తప్పులేదు. తెలుగులో విశేషణం ముందుంటుంది, విశేష్యం తర్వాత వస్తుంది, క్రియ ఉంటే చివర వస్తుంది. అది భాష అందం. సందర్భం తెలిసిన పాఠకుడు ఆ గొలుసును అవలీలగా మోసుకుపోతాడు. మొదటి వాక్యంలో ఉన్న పాఠకుడికి సందర్భమే తెలియదు. దేని గురించి చెబుతున్నారో తెలియకుండా జిల్లా, నది, రెండు సంవత్సరాలు, ఒక పేరు చేతుల్లో పట్టుకొని నిలబడితే, చివరికి దొరికేది "ఒక చారిత్రక ప్రాజెక్టు" అనే ఖాళీ మాట. '-బడి', '-బడిన' రెండూ పడి బరువును ఇంకా పెంచాయి.

మార్చిన రూపం చిన్నది: "నిజాంసాగర్ కట్టడానికి ఎనిమిదేళ్లు పట్టింది. మంజీరాకు అడ్డంగా ఆ పని 1923లో మొదలైనప్పుడు..." అని సాగుతుంది. ఇంజనీరు పేరు మూడో వాక్యానికి వచ్చింది, జిల్లా పేరు పేరా చివరికి వెళ్లింది. విశేషణాల గొలుసున్న రెండో వ్యాసం పాకాల చెరువుది. దాన్నీ ఈ పద్ధతిలోనే విడదీశాను. అందులో చెప్పుకోదగ్గ చిక్కేమీ రాలేదు.

ఫోనులో చూస్తే, తెరను కదపకుండా కనబడేది నలభై అయిదు మాటలకు కాస్త అటూ ఇటూగా ఉంది. పాత నిజాంసాగర్ వాక్యం ఒక్కటే అందులో సగానికి దగ్గరగా మింగేసింది.

జూన్ 19

మూసీ వ్యాసంతో వారం గడిచింది. ఇందులో నేను చేసిన తప్పును పూర్తిగా రాసిపెడతాను.

వ్యాసం ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాల గురించి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచెత్తింది. వేలమంది పోయారు. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద నగరానికి ఎగువన వరదను పట్టి ఉంచే జలాశయాలు తలపెట్టారు. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. పాత ఎత్తుగడ "ప్రాణాధారమైన నీరే ఒక్కోసారి ప్రాణాంతకమవుతుంది" అని మొదలైంది. ఆ వాక్యాన్ని ఏ ఊరి వరదకైనా అంటించవచ్చు.

దాని స్థానంలో ఒక దృశ్యం రాశాను. కటిక చీకటి, హోరు, చింతకొమ్మను ఒక చేత్తో పట్టుకొని మరో చేత్తో పసిబిడ్డను హత్తుకున్న తల్లి, పాదాలను తాకుతున్న నీళ్లు. రాస్తుంటే చేయి ఆగలేదు. మేనకోడలు చదివి, "మామా, ఇది మాత్రం అదిరింది" అంది. గర్వంగా మాస్టారికి పంపాను. సాయంత్రం వెళ్తే ఆయన కాగితం బల్లమీద పెట్టి, "ఆ తల్లి ఎవరు?" అన్నారు. నేను మాట్లాడలేదు. "బిడ్డ బతికిందా?" దానికీ జవాబు లేదు. "నువ్వు పుట్టించావు. కథ రాస్తే పుట్టించవచ్చు, ఎవరూ కాదనరు. చరిత్ర వ్యాసానికి మొదటి మెట్టు మీద కల్పించిన మనిషిని కూర్చోబెడితే, రెండో మెట్టు మీద నువ్వు చెప్పే 1908ని కూడా నేను అనుమానించాల్సి వస్తుంది" అన్నారు.

తిరిగి వస్తూ కల్పించకుండానే నిజమైన దుఃఖం ఉంది కదా అనుకున్నాను. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకొని బయటపడ్డాడు. ఆయనతో మొదలుపెట్టి ఒక పేరా రాశాను, బాగానే వచ్చింది కూడా. అయితే మా వ్యాసం ఆయన గురించి కాదు, రెండో పేరా నుంచి జలాశయాల తూముల గురించీ నిలవ సామర్థ్యం గురించీ మాట్లాడుతుంది. ఒక మనిషి సర్వనాశనాన్ని గుమ్మం దగ్గర ఊరించే వస్తువుగా పెట్టి, లోపలికి రాగానే ఆయన్ను మరిచిపోవడం నాకు సిగ్గుగా తోచింది. ఆ పేరాను దాచిపెట్టాను. ఎప్పటికైనా ఆయన మీదే వ్యాసం రాస్తే పనికొస్తుంది.

చివరికి నిలిచింది ఇది:

"ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు సుమారు 150 మంది దాని కొమ్మలెక్కి బతికారని హైదరాబాదులో చెప్పుకుంటారు. మళ్లీ ఎవరూ చెట్టెక్కే అవసరం రాకూడదనే నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టారు."

'చెప్పుకుంటారు' అన్న మాట మీద నేనూ మేనకోడలూ అరగంట వాదించుకున్నాం. "150 మంది బతికారు" అంటే వాక్యం బిగువుగా ఉంటుందని ఆమె అంటుంది, అది నిజమే. కొమ్మల మీద తలలు లెక్కపెట్టిన రికార్డు మా చేతిలో లేదు కనుక 'చెప్పుకుంటారు'ను ఉంచాను. ఆమెకు ఇప్పటికీ తల్లీబిడ్డల దృశ్యమే ఇష్టం.

జూన్ 23

బకింగ్‌హాం కాలువ. మూసీ దగ్గర తిన్న దెబ్బకు జాగ్రత్తపడ్డాననే అనుకున్నాను, కాని ఇక్కడ మరో రకంగా జారాను. "ధాత కరువులో ఆకలితో ఉన్న జనం తవ్విన కాలువకు మద్రాసు గవర్నరు పేరు పెట్టారు" అని రాశాను. ఆ కరువు 1876లో మొదలైంది, కాలువకు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం పేరు 1878లో వచ్చింది, గవర్నరూ ఆయనే. ఇందులో కల్పించిన మనిషి లేడు, ప్రతి ముక్కా నిజమే. ముక్కలను కలిపిన తీరులోనే అబద్ధం దూరింది. ఆ కాలువ 1806 నుంచీ తునకలు తునకలుగా తవ్వినది. కరువు పనుల కింద 1877-78లో తవ్వించింది మద్రాసులో అడయారు, కూవం నదులను కలిపే సుమారు 8 కిలోమీటర్ల ముక్క. కాలువంతా కరువు జనమే తవ్వారనే భావం నా వాక్యం నుంచి వస్తోంది. మాస్టారు ఈసారి ఏమీ అనలేదు, 'కాలువకు' అన్న మాట కింద గీత గీసి పంపారు.

వాక్యాన్ని సరిచేస్తే పదును కొంత తగ్గింది: "మద్రాసులో అడయారునూ కూవాన్నీ కలిపే ఎనిమిది కిలోమీటర్ల కాలువను ధాత కరువు కూలీలు తవ్వారు. ఆ ముక్కతో కాలువ కలిసింది, పేరు మాత్రం గవర్నరుది మిగిలింది." ఇది మొదటిదానంత జోరుగా లేదు. అయినా వ్యాసంలో పెదగంజాం దాకా సాగే ప్రయాణానికి మద్రాసు నుంచి బయలుదేరే దారి దొరికింది.

జూన్ 30

ధవళేశ్వరం వ్యాసం "సర్ ఆర్థర్ కాటన్ 1803 మే 15న జన్మించారు" అని మొదలవుతుంది. రెండు ఎత్తుగడలు రాసి పక్కపక్కన పెట్టాను.

ఒకటి: "గోదావరిలో మునుగుతూ ఒక ఆంగ్లేయుణ్ణి తలచుకునే సంస్కృత శ్లోకం ఈ డెల్టాలో ఉంది." కాటనును భగీరథుడంటూ స్మరించే శ్లోకం అది.

రెండు: "ధవళేశ్వరంలో ఇప్పుడు మనం ఫోటోలు దిగే బ్యారేజీ కాటన్ కట్టినది కాదు." ఆయన ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. నది మధ్య లంకలను ఆసరా చేసుకొని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా సాగింది. ఇప్పుడు కనబడేది 1970 తర్వాత కట్టి, ఆయన పేరే పెట్టినది.

రాజమండ్రి, కొవ్వూరు వైపు తెలిసిన అయిదుగురికి రెండూ పంపాను. శ్లోకం చదివినవాళ్లు "అవునవును, మా తాతయ్య చదివేవారు" అని సంతోషించి అక్కడే ఆగారు, వాళ్లకు కావలసింది ఆ వాక్యంలోనే దొరికిపోయింది. రెండోది చదివినవాళ్లలో ముగ్గురు "అదేమిటండీ, మరి ఆయన కట్టింది ఏమైంది?" అని అడిగారు. అందులో ఒకాయన కాస్త కోపంగానే అడిగాడు. కాదు అనే మాటతో పాఠకుణ్ణి గిల్లడం నాకు సాధారణంగా గిట్టదు, అది చవకైన ఉపాయం. అయితే ఈ వ్యాసంలో పెద్ద భాగం పాత ఆనకట్ట ఎందుకు చాలకపోయిందో, కొత్తది ఎలా వచ్చిందో చెప్పడానికే పోయింది కనుక ఆ 'కాదు'కు లోపల పూర్తి జవాబు ఉంది. రెండోదాన్నే తీసుకొని, రెండో వాక్యంలోనే 1852 విషయం చెప్పేశాను. పాఠకుణ్ణి ఎక్కువసేపు అయోమయంలో నిలబెట్టడం మర్యాద కాదు. శ్లోకాన్ని వ్యాసం చివరికి పంపాను, అక్కడ దాని సొగసు పెరిగింది.

జూలై 5

అయిదు వ్యాసాలు వేగంగా తెమిలాయి. నాగార్జునసాగర్‌కు 'ఆధునిక దేవాలయం' అనే అరిగిపోయిన మాటను తీసేసి, 1954 నుంచి 1960 వరకు తవ్వి బయటపెట్టిన నాగార్జునకొండ లోయ ఇప్పుడు నీళ్ల కింద ఉందనీ, కొండ ద్వీపమైందనీ మొదలుపెట్టాను. హుస్సేన్ సాగర్‌కు 1990లో బుద్ధ విగ్రహం నీట మునిగిన సంఘటనతో ఎత్తుకుంటే విగ్రహమే వ్యాసాన్ని మింగేసింది కనుక, దాన్ని వదిలి చెరువు కట్టిన 1562 దగ్గరకే తిరిగి వెళ్లాను. రామప్ప చెరువుకు ఒకే ఒక్క మార్పు: మొదటి పేరాను పూర్తిగా కొట్టేస్తే రెండో పేరా మొదటి వాక్యం తనంతట తానే నిలబడింది. కంభం చెరువుకూ, కర్నూలు-కడప కాలువకూ కూడా అదే జరిగింది. ఈ మూడింటిలోనూ మొదటి పేరా రచయిత గొంతు సవరించుకోవడమే. దగ్గడం అయ్యాక ఆయన చక్కగానే మాట్లాడాడు.

జూలై 9

కొల్లేరు మిగిలింది. ఇది నేను రాసిన వ్యాసం.

ఏడు ఎత్తుగడలు రాశాను. పక్షులతో ఒకటి, 2002లో చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా అయిన రామ్‌సర్ జాబితాకెక్కడంతో ఒకటి, 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టడంతో ఒకటి, బుడమేరూ తమ్మిలేరూ రామిలేరూ వచ్చి కలిస్తే ఉప్పుటేరు ఒక్కటే నీళ్లను సముద్రానికి తీసుకుపోవడంతో ఒకటి, ఇంకా మూడు. మేనకోడలు ఏడింటినీ చదివి, "అన్నీ బాగానే ఉన్నాయి మామా" అంది. బాగుందా అని నేను అడగకపోయినా వచ్చిన బాగుంది అది. అక్కడే నాకు అనుమానం వచ్చి, వ్యాసం మొదటి నుంచి చివరి దాకా మళ్లీ చదివాను. ఇన్నాళ్లూ ఎత్తుగడ కోసం వ్యాసంలోపలికి వెళ్లి తవ్వుకుంటూ వచ్చాను. పోరుమామిళ్లలో శాసనం దొరికింది, మూసీలో చెట్టు దొరికింది. కొల్లేటిలో తవ్వడానికి ఏమీ లేదు. పదకొండు పేజీల్లో ఎక్కడా నీళ్ల రంగు లేదు, దోనె లేదు, గట్టు మీద నిలబడ్డ మనిషి ఒక్కడూ లేడు. అన్నీ కాగితం నుంచి కాగితానికి ఎక్కించిన అంకెలే. ఆ సరస్సును నేను రైలు కిటికీలోంచి తప్ప చూడలేదు.

మిగిలిన పదకొండూ అచ్చుకు వెళ్లడానికి సిద్ధంగా ఉన్నాయి. కొల్లేటి వ్యాసం మొదటి పేరా చోట ప్రస్తుతానికి ఏమీ లేదు. వచ్చే ఆదివారం ఆకివీడులో దిగి, ముందు ఉప్పుటేరు వంతెన దాకా నడిచి, తర్వాత దొరికిన ఆటోలో లంకగ్రామాల వైపు వెళ్లాలని పెట్టుకున్నాను. మాస్టారు తానూ వస్తానన్నారు. గొడుగు తెచ్చుకోమని చెప్పారు.